మోరికి చోటు

ఆగస్టు 9 వేదికల మీద మా కుర్రాళ్లు ధింసాకు ఇప్పుడు గిటార్ కూడా కలుపుతున్నారు. మాకు సంతోషమే. కానీ వెనక పెద్ద యాంప్ మోగితే తాత ఊదే మోరి ముందు వరుసకు కూడా వినబడదు.

అందుకే మాకు యాంప్ మోడలర్ నచ్చింది. యాంప్, స్పీకర్ పెట్టె చేసే ధ్వనిని లెక్కలతో అనుకరించే చిన్న పెట్టె అది. 1998లో లైన్ 6 కంపెనీ తెచ్చిన పాడ్ ఎర్రగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉండేది.

వేదిక మీదైతే గిటార్ వైరు మోడలర్‌లోకి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ నేరుగా మిక్సర్‌కి. అప్పుడు క్యాబినెట్ అనుకరణ ఆన్‌లో ఉండాలి, లేకపోతే కందిరీగల రొదే. గిటార్ యాంప్‌కే కలపాలంటే దాని ఎఫెక్ట్స్ రిటర్న్‌లో పెట్టి, ఆ అనుకరణ తీసేయాలి. రెండూ ఉంటే దుప్పటి కప్పినట్టు మోగుతుంది. గుయ్‌మని హమ్ వస్తే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కి చూడండి. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం తీసేయొద్దు. జనరేటర్ మీద నడిచే మన సభల్లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంట్లో హెడ్‌ఫోన్ చాలు. ఒకే గదిలో చెల్లి చదువుకుంటుంటే అన్న సాధన చేసుకోవచ్చు.

మిక్సర్ దగ్గర కూర్చునే అబ్బాయికి మేము ముందే చెబుతాం: తమ్ముడూ, మొదట మోరి మైకు సరిచెయ్యి, తర్వాత తుడుము, ఆ తర్వాతే గిటార్.