అబద్ధపు ఫిర్యాదుకు ఒక పుట జవాబు



రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మనకందరికీ కంఠస్థమే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెప్పే అధికరణమది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. తెలుగు తరగతిని ఎత్తివేస్తామన్న మాట వినబడినప్పుడల్లా మనం వ్రాసే అర్జీలో ఆ సంఖ్య తప్పక ఉంటుంది. దానికి ముందున్న 350వ అధికరణాన్ని మాత్రం మనం అంతగా తలచుకోము. తన కష్టాన్ని తీర్చమని ఏ అధికారికైనా, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకొనే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నదని అది చెబుతుంది. దాని విలువ నాకు బడి వ్యవహారంలో కాక, పొరుగింటి తగవులో నామీద వచ్చిన ఒక అబద్ధపు ఫిర్యాదు వల్ల తెలిసింది. ఇటువంటిది ఎవరికైనా ఎదురుకావచ్చును గనుక, జరిగినదీ నేను చేసినదీ వివరంగా వ్రాస్తున్నాను.

మాది కృష్ణగిరి జిల్లాలో ఒక ఊరు. మా వీధిలో సగానికి పైగా ఇండ్లలో తెలుగే మాట్లాడతారు. పొరుగింటి పెద్దాయనను ఇరవై ఏండ్లుగా అన్నా అనే పిలుస్తున్నాను. ఆయన నన్ను టీచరమ్మా అంటారు. ఆయన మనుమడు అప్పుడు ఎనిమిదవ తరగతి, నా దగ్గరే తెలుగు చదువుతున్నాడు. మా రెండిండ్ల నడుమ మూడడుగుల సందు ఉన్నది. 2024లో ఆయన ఆ సందు వైపు రేకుల కప్పు దించారు. చూరు నీరంతా మా గోడ మొదట్లో పడి గోడ చెమ్మగిల్లసాగింది. పిమ్మట సందులోనే ప్రహరీకి పునాది త్రవ్వించారు.

"అన్నా, సర్వేయరును పిలిపించి కొలిపిస్తాను. హద్దు ఎక్కడ తేలితే అక్కడ కట్టుకోండి" అన్నాను. "తాతల నాటి సందుకు కొలతేమిటమ్మా?" అని ఆయన కోపించారు. నేను కొలతకు దరఖాస్తు పెట్టి రసీదు తెచ్చుకొన్నాను. వారం తిరగకముందే, అక్టోబరులో, పోలీసు స్టేషను నుంచి ఫోను వచ్చింది.

ఫిర్యాదు తమిళంలో ఉన్నది. ఆ నెలలో ఒక మంగళవారం ఉదయం 11 గంటలకు నేను వారి వాకిట్లోకి వెళ్ళి, బూతులు తిట్టి, "కొలై మిరట్టల్" చేశానని, అనగా చంపుతానని బెదిరించానని అందులో వ్రాసి ఉన్నది. పెద్దాయనకు తమిళం మాట్లాడడం వచ్చునే గాని వ్రాయడం రాదు. తెలుగు వ్రాతా రాదు. అర్జీలు వ్రాసిపెట్టే మనిషి చేత వ్రాయించారు. మా వైపు ఇరుగుపొరుగు తగవుల ఫిర్యాదులు చూచినవారికి ఆ రెండు ఆరోపణలూ కొత్త కావు. పాత శిక్షాస్మృతిలో అవి 294(బి), 506 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 296, 351. తగవు నీటిదైనా, గోడదైనా, మేకదైనా అవే వాక్యాలు అచ్చుపోసినట్లు వస్తాయి. మా తగవంతా తెలుగులో నడిచింది. మేమిద్దరం పలుకని మాటలు మూడవ మనిషి చేతిమీదుగా తమిళంలో కాగితమెక్కాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రభుత్వోద్యోగి 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే సస్పెండు అయినట్లే భావించే నియమం మనకు తెలియనిది కాదు. దానికంటె, "తెలుగు టీచరు మీద కేసంట" అన్న మాట బడిలో పిల్లల చెవిన పడితే ఏమిటన్న బాధ ఎక్కువగా ఉండెను.

మా మేలు కోరినవారే ఒక ఉపాయం చెప్పారు. "మీరూ ఒకటి వ్రాసి ఇవ్వండి. చెయ్యి పట్టి లాగాడని వ్రాస్తే ఆయనే దిగివస్తాడు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ పెద్దాయన అటువంటివారు కారు. ఆ మాట వ్రాసి, మరునాడు ఆయన మనుమడి ఎదుట నిలబడి పద్యం చెప్పడం నావల్ల అయ్యే పని కాదు. చట్టం కూడా ఇరువైపులా ఒకటే. అధికారికి తెలిసి తెలిసి అబద్ధపు సమాచారమిస్తే న్యాయ సంహిత 217వ సెక్షను కింద ఏడాది వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును. హాని చేయాలన్న తలంపుతో అబద్ధపు నేరారోపణ చేస్తే 248వ సెక్షను కింద అయిదేండ్ల వరకు జైలు పడవచ్చును. ఆయన చేసిన పనికి విరుగుడుగా అదే పని నేను చేస్తే, నేనూ వాటి కిందికే వస్తాను.

అందుచేత నిజాన్నే ఒక పుటలో వ్రాయ సంకల్పించాను. ముందుగా ఆ ఫిర్యాదు ఏ దశలో ఉన్నదో న్యాయవాది ద్వారా కనుగొన్నాను. తమిళనాడులో ఎఫ్.ఐ.ఆర్. కట్టకముందు విచారణకు తీసికొన్న అర్జీకి సి.ఎస్.ఆర్. సంఖ్య ఇస్తారు. మాది ఆ దశలోనే ఉన్నది. ఎఫ్.ఐ.ఆర్. అయి ఉంటే దానిని 24 గంటలలో వెబ్‌సైటులో ఉంచాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. సున్నితమైన నేరాలకు మాత్రం మినహాయింపు ఉన్నది. తరువాత ఆధారాలు కూర్చుకొన్నాను. ఆ మంగళవారం 11 గంటలకు నేను పదవ తరగతిలో పాఠం చెబుతున్నాను. హాజరు పట్టీ, కాలనిర్ణయ పట్టిక నకళ్ళ మీద ప్రధానోపాధ్యాయుల సంతకం తీసికొన్నాను. ఫిర్యాదుకు ముందు తేదీ గల కొలత దరఖాస్తు రసీదును, చెమ్మగిల్లిన గోడ ఫోటోలను జతపరిచాను.

జవాబు తెలుగులో వ్రాశాను. తేదీ, వేళ, చోటు, జరిగినది, జరగనిది, నేను కోరునది, అంతే. పెద్దాయన గుణగణాల గురించి ఒక్క మాట వ్రాయలేదు. దానికి తమిళ అనువాదం నా చేతితోనే వ్రాసి జతచేశాను. హక్కు ఉన్నది గదా అని అనువాదం లేకుండా ఇవ్వడం వివేకం కాదు. చదివే అధికారికి అర్థమైతేనే మన మాటకు ఫలం. ఇన్‌స్పెక్టరు గారు "రెండెందుకమ్మా?" అని అడిగారు. 350వ అధికరణం సంగతి చెప్పి, "తగవు జరిగిన భాషలో ఒకటి, మీ సౌకర్యానికి ఒకటి" అన్నాను. రెండింటినీ తీసికొని, నా నకలు మీద ముద్ర వేసి ఇచ్చారు.

మరునాడు ఇద్దరినీ కూర్చోబెట్టి పెద్దాయనను అడిగారు. ఆయన చాలాసేపు తలవంచుకొని, "చంపుతానని అనలేదు సార్. కొలిపిస్తానని అన్నది" అన్నారు. తెలుగు కొలత తమిళంలో కొలై అయిందని ఇన్‌స్పెక్టరు గారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రాజీ కాగితం తయారైంది. అందులో "ఇకమీదట ఇటువంటి తప్పు చేయను" అని నా పేరిట ఒక వాక్యమున్నది. ఇది మీరందరూ గమనించవలసిన విషయం. త్వరగా ఇంటికి పోదామని అటువంటి దానిమీద సంతకం చేస్తే, చేయని నేరాన్ని ఒప్పుకొన్నట్లే అవుతుంది. ఆ వాక్యం కొట్టివేసి, "హద్దు కొలత ప్రకారం ఇరువురం నడుచుకొంటాము" అని వ్రాయమన్నాను. వ్రాశారు. చదివి సంతకం చేశాను. తమిళం చదవలేని తల్లిదండ్రులు మనలో ఉన్నారు. అటువంటివారు నమ్మకమైన మనిషి చేత చదివించుకొనిగాని వ్రేలు కదపరాదు. ఖాళీ కాగితం మీద అసలే సంతకం చేయరాదు.

కేసు నమోదయ్యే పక్షంలో తెలిసి ఉండవలసినవి కొన్ని. అరెస్టు అవసరం లేని సందర్భాలలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇస్తారు. దాని ప్రకారం హాజరవుతూ ఉన్నంతవరకు, ప్రత్యేక కారణాలు వ్రాసిపెట్టితే తప్ప అరెస్టు చేయరాదు. మూడేండ్ల లోపు శిక్షపడే నేరాలలో అరవై దాటినవారిని డి.ఎస్.పి. స్థాయి అధికారి అనుమతి లేక అరెస్టు చేయరాదని 35(7) చెబుతుంది. మన ఇండ్లలోని పెద్దలకు ఇది అక్కరకు వస్తుంది. దర్యాప్తులో పోలీసులు వ్రాసికొనే వాంగ్మూలంపై సంతకం అడగరాదని 181వ సెక్షను. అరెస్టు భయముంటే 482వ సెక్షను కింద ముందస్తు బెయిలు కోరవచ్చును. పిలిచినప్పుడు పోకపోవడం, ఫోను ఆపివేయడం మాత్రం మనకే చేటు.

కొలతలో హద్దురాయి మట్టి కింద బయటపడింది. పునాది మావైపు తొమ్మిది అంగుళాలు వచ్చింది. ఆయన దానిని జరిపించి, చూరుకు గొట్టం వేయించారు. 217 కింద చర్య తీసికొనమని అడగండని కొందరన్నారు. ఆ ఫిర్యాదు సంబంధిత అధికారే కోర్టులో చేయాలి గాని నేను నేరుగా చేయలేను. చేయించే ప్రయత్నమూ నేను చేయలేదు. మునుపటి మాటలు మా మధ్య ఇంకా రాలేదు. వాకిట్లో ఎదురుపడితే "బాగున్నారా అన్నా?" అంటాను, ఆయన తల ఊపుతారు.

పిల్లవాడు ఆ రోజులలో మూడు నాళ్ళు బడికి రాలేదు. పాఠాల నోటుపుస్తకం తోటి పిల్లవాడి చేత పంపించాను. నాలుగవ నాడు వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఏమీ అడగక, అతని వంతు రాగానే అందరివలెనే చదివించాను.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన తరగతులు పలుచబడ్డాయి. "తెలుగు చదివితే ఏమి వస్తుంది?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఆ పెద్దాయన తన కష్టాన్ని తానే తెలుగులో వ్రాయగలిగి ఉంటే, సందు గురించి, తాతల నాటి వాడుక గురించి వ్రాసి ఉండేవారు. హత్య అన్న మాట అందులో ఉండేది కాదు. లేఖారచన పాఠంలో మనం సెలవు చీటీ దగ్గరే ఆగిపోతున్నాము. ఎనిమిదవ తరగతి నుంచి వినతిపత్రం వ్రాయించండి: ఎప్పుడు, ఎక్కడ, ఏమి జరిగింది, ఏమి కోరుతున్నాము, తెలుగులో ఒక పుట, దాని తమిళమో కన్నడమో ఒరియానో పక్కన మరొక పుట. చూడనిది వ్రాస్తే మార్కు లేదని ముందే చెప్పండి.

నేను ఆ నెలలోనే మొదలుపెట్టాను. వీధి కొళాయి గురించి పిల్లలు వ్రాసిన వాటిలో ఆ పిల్లవాడిది చక్కగా ఉన్నది. తేదీ వేయడం మరచినందుకు ఒక మార్కు తగ్గించి, తేదీ ఎందుకు ముఖ్యమో తరగతికంతటికీ చెప్పాను.