ఏం పనికి నాయనా, కత్తి?

మా అన్న కొడుక్కి హైదరాబాదులో ఉద్యోగం. ఏడాదిగా వాడికి కొండల పిచ్చి పట్టుకుంది. శనివారం వస్తే చాలు, వీపున సంచి తగిలించుకుని ఏదో ఒక గుట్ట ఎక్కేస్తాడు. మొన్న చలికాలంలో ఫోన్ చేసి, 'బాబాయ్, ఈసారి నల్లమల చూపించు. వచ్చేలోపు ఓ మంచి కత్తి కొనుక్కుంటాను. ఫొటో పంపాను చూడు' అన్నాడు.

చూశాను. సినిమాలో హీరో అడవిలో ఒంటరిగా మిగిలిపోయినప్పుడు చేతిలో కనిపించే రకం. ఎనిమిదంగుళాల నల్లటి కత్తి. వెనక వైపు రంపపు పళ్ళు. పిడి చివర దిక్సూచి. పిడి లోపలంతా బోలు... అందులో అగ్గిపుల్లలూ, గాలపు ముల్లూ దాచుకోవచ్చట!

'డబ్బు కట్టకు. ముందు మార్కాపురం రా' అన్నాను.

నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం నా ఎడమచేతి చూపుడువేలు. పాతికేళ్ళ కిందట కంభం చెరువు కట్ట మీద కూర్చుని చెరుకు గడ చెక్కబోతే, చేతిలో ఉన్న మడతకత్తి నా వేలి మీదే మడత పడింది. ఐదు కుట్లు. ఇప్పటి మడతకత్తుల్లో మంచివాటికి గట్టి తాళం ఉంటుంది, కాదనను. కానీ మొదటిసారి కొనేవాడికి, చేయి ఇంకా కుదరనివాడికి, ఎటూ కదలని కత్తే మేలు. ఒర ఒకటి ఉంటే చాలు.

వాడు తెల్లారేసరికి దిగాడు. మార్కాపురం అంటే అందరికీ పలకలే గుర్తొస్తాయి. మన చిన్నప్పుడు అ ఆలు దిద్దిన నల్లపలకల రాయి ఈ చుట్టుపక్కల భూమిలోదే. ఈ వైపు రాళ్ళకు భూగర్భ శాస్త్రజ్ఞులు పక్కనున్న కంభం పేరే పెట్టుకున్నారు. చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని, ఇడ్లీ తిని, ఊరి చివర కొలిమికి నడిచాం.

కొలిమి అంటే పెద్ద వైభవమేమీ కాదు. రేకుల పంచ, దాయి, సమ్మెట, నీళ్ళ తొట్టి. తోలు తిత్తి పోయి కరెంటు పంకా వచ్చింది, అంతే తేడా. ఆచారికి డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో. గోడకి కొడవళ్ళు, మచ్చుకత్తులు, గొడ్డళ్ళు వేలాడుతున్నాయి. మావాడు ఫోన్లో ఫొటో చూపించి, 'తాతా, ఇలాంటిది చేస్తారా?' అన్నాడు.

ఆయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. 'ఏం పనికి నాయనా, కత్తి?'

మావాడి దగ్గర సమాధానం లేదు. 'అన్నిటికీ' అన్నాడు.

'అన్నిటికీ అంటే దేనికీ కాదని. కంప కొట్టాలంటే ఇదిగో, పొడుగు పిడి కొడవలి. సర్కారు తుమ్మ ముల్లు చేతికి తగలకూడదు కదా! మేకలోళ్ళకు దోటి కావాలి. టెంకాయ కొట్టేవాడికి బరువున్న మచ్చుకత్తి. నువ్వేం చేస్తావు?'

వాడు ఆలోచించి ఒక్కొక్కటే చెప్పాడు. తాడు కోయాలి. పండు కోసుకోవాలి. పొయ్యిలోకి సన్నటి పుల్లలు చీల్చాలి. గుడారానికి మేకులు చెక్కాలి.

'అయితే బెత్తెడు కత్తి చాలు. ఆ రంపం ఎందుకు? దాంతో కట్టె తెగదు, ఒర మాత్రం చిరుగుతుంది' అన్నాడు ఆచారి.

నాకు నవ్వొచ్చింది. స్వీడన్లో మోరా అనే ఊరి పేరుతోనే ఓ రకం కత్తులు ప్రపంచమంతటా ప్రసిద్ధి. వడ్రంగులూ, జాలరులూ, అడవుల వెంట తిరిగేవాళ్ళూ వాడే ఆ కత్తి చూస్తే వంటింటి కత్తిలా ఉంటుంది. పిడి వదిలేస్తే నాలుగంగుళాలు. రంపమూ లేదు, దిక్సూచీ లేదు. ఆ దేశం పేరు కూడా విని ఉండని ఈ పెద్దాయన అదే కొలత చెప్పాడు!

తర్వాత ఉక్కు సంగతి. ఆయన మూల నుంచి తుప్పు పట్టిన లారీ కమాన్ పట్టీ ముక్క ఒకటి లాగాడు. మన పల్లెల్లో మంచి కత్తులు చాలా వరకు ఇందులోంచే పుడతాయి. ఈ పట్టీలో నూటికి అర వంతు, ఆ పైన కార్బన్ ఉంటుంది. అదే ఉక్కుకు ప్రాణం. కిటికీ చువ్వల ఇనుములో అంత కార్బన్ ఉండదు. దాన్ని ఎంత ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడదు, పదును నిలవదు. సంతలో కత్తి కొనేటప్పుడు ఆకురాయి ఒకటి జేబులో వేసుకెళ్ళండి. అంచు మీద మెల్లగా రుద్దితే మైనాన్ని గీకినట్టు ఇనుము ఊడొస్తుంటే వదిలేయండి. ఆకురాయి కొంచెం జారుతున్నట్టుంటే అది పనికొచ్చే కత్తి. (అమ్మేవాణ్ణి అడిగి రుద్దండి. లేకపోతే నాలా తిట్లు తింటారు.)

తుప్పు పట్టని స్టీలు వద్దా అని మీరు అడగవచ్చు. సముద్రం పక్కన ఉండేవాళ్ళకు అదే మంచిది. ఈ మెట్ట ప్రాంతంలో మాత్రం, పని అయ్యాక తుడిచి ఓ చుక్క కొబ్బరినూనె రాసేవాడికి మామూలు ఉక్కే సుఖం. పదును పెట్టడం తేలిక. నిమ్మకాయ కోస్తే నల్లబడుతుంది, అది రోగమేమీ కాదు.

పట్టీ ముక్కను కాల్చి, సాగగొట్టి, ఆకారం తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. అంచు ఎర్రబడ్డాక పాత ఇంజనాయిలు డబ్బాలో ముంచాడు. నీళ్ళలో అయితే ఒక్కోసారి పగులుతుందట. అప్పుడే అయిపోలేదు. అలా గట్టిపడిన ఉక్కు గాజు లాంటిది, రాయికి తగిలితే పెళ్ళు ఊడుతుంది. అందుకని ఓ చోట రుద్ది మెరుగు తెచ్చి, మళ్ళీ సన్నటి సెగ చూపించి, ఆ మెరుగు మీద ఎండుగడ్డి రంగు పాకగానే తీసేశాడు. ఒక్క క్షణం అటూ ఇటూ అయినా పని చెడుతుంది. ఆ సేపు ఆయన మాతో మాట్లాడలేదు.

పిడి విషయంలో మాత్రం నేను పట్టుబట్టాను. ఇక్కడి మామూలు పద్ధతిలో కత్తి తోకను కాల్చి కొయ్యలోకి దించి, మూతికి ఇనప పొన్ను బిగిస్తారు. కూర కోయడానికి చాలు. కానీ పుల్ల చీల్చడానికి కత్తి వెనక మీద కర్రతో కొడతాం కదా, ఆ దెబ్బలకు అది వదులవుతుంది. అందుకని ఉక్కు పిడి చివరిదాకా రావాలన్నాను. దానికి రెండు వైపులా తుమ్మ చెక్క బిగించి, మూడు మేకులు దిగగొట్టాడు. మావాడు కొందామన్న బోలు పిడి కత్తిలో ఉక్కు పిడి మూతి దగ్గరే ఆగిపోతుంది. విరిగితే అక్కడే విరుగుతుంది.

సాన పట్టాక ఆచారి ఒక పలక ముక్క ఇచ్చాడు. 'నీళ్ళు చల్లి దీని మీద నూరుకో, అంచు నున్నగా వస్తుంది' అన్నాడు. పలక రాయి అణువు సన్నం. గరుకు సాన వేసిన గీతల్ని అది సాపు చేస్తుంది. బళ్ళో అక్షరాలు దిద్దిన రాయి మీదే మావాడు కత్తి నూరడం నేర్చుకున్నాడు.

ఒర చెప్పులు కుట్టేవాడి దగ్గర కుట్టించాం. మీరు కుట్టించుకుంటే అంచు వైపు రెండు తోళ్ళ మధ్య ఇంకో సన్నటి తోలు పట్టీ పెట్టమనండి. లేకపోతే పదును దారాన్ని తినేస్తుంది.

సాయంత్రం కంభం చెరువు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఈ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. పాతికేళ్ళ కిందట నా వేలు తెగిన కట్ట మీదే కూర్చుని మావాడు చెరుకు చెక్కాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు.

'రేపు అడవిలో దీని పనితనం చూద్దాం' అన్నాడు.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. గిద్దలూరు దాటి దిగువమెట్ట దారి పడితే నల్లమల మొదలు. ఈ కొండల్లోనే గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాల జాబితాలో కత్తి పేరు కూడా ఉంది. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టడం నేరం. బెత్తెడుదైనా, పండు కోయడానికైనా సరే.

వాడి మొహం చూడాలి! 'అడవి కోసమే కదా బాబాయ్ చేయించింది!'

చెంచుల సంగతి వేరు. హైమెండార్ఫ్ వాళ్ళ మీద 1943లో పుస్తకం వేసేనాటికి విల్లు, గొడ్డలి, కత్తి, గడ్డలు తవ్వే ఇనప మొన కోల... ఇవే వాళ్ళ ఆస్తి. వాళ్ళకు అడవి ఇల్లు. మనం చుట్టాలం. చుట్టపుచూపుగా వెళ్ళేవాడు ఆ ఇంట్లో చెట్టు కొమ్మ నరకాల్సిన అవసరం ఏముంది? నిప్పు రాజేయాల్సిన పనేముంది? వాడి జాబితాలోని పనులన్నీ పొలం గట్టు మీదా, చెరువు కట్ట మీదా, గుడారం వేయనిచ్చే చోటా చేసేవే.

రాత్రి గిద్దలూరులో మా అక్క ఇంట్లో పడుకున్నాం. తెల్లారి కత్తి అక్కడే వదిలేసి, నీళ్ళ సీసా, గొడుగు పట్టుకుని ఘాట్ వైపు వెళ్ళాం. మావాడు కాసేపు ముభావంగా ఉన్నాడు. వెదురు పొదల్లో అడవికోడి కూత వినపడేసరికి మరిచిపోయాడు.

తిరిగొచ్చేసరికి అక్క వంటింట్లో ఆ కత్తితో గుమ్మడికాయ కోస్తోంది.

'ఒరే అబ్బోడా, ఇది భలే తెగుతోందిరా! ఇక్కడే వదిలేసి పో, నువ్వు ఇంకోటి చేయించుకో' అంది.

'అత్తా!' అని మావాడు అరిచాడు కానీ, ఆమె చేతిలోంచి తీసుకునే ధైర్యం మా ఇద్దరికీ లేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ మార్కాపురం బస్సెక్కాం.