కామత్ గారి సవరణ

జనవరి 26 నాటకానికి రిహార్సల్ చేయిస్తుంటే మా తెలుగు బడి అమ్మాయి ఒకతి అడిగింది: "మాస్టారూ, ఇండియా రాజ్యాంగంలో సెకండ్ అమెండ్‌మెంట్ లాంటిది ఉందా?" లేదమ్మా అన్నాను. "ఎందుకు లేదు?" అంది. నేను చదివింది ఇంజినీరింగు, సివిక్స్ పదో తరగతితోనే సరి. ఇంటికొచ్చి రాజ్యాంగ సభ చర్చలు తిరగేశాను.

తీరా చూస్తే, ఆ హక్కు కావాలన్నవాళ్ళు మనలోనూ ఉన్నారు! 1878 ఆయుధాల చట్టం కింద మనవాళ్ళకు లైసెన్సు కావాలి, తెల్లదొరలకు అక్కర్లేదు. ఆ మంటతోనే 1931లో కరాచీ కాంగ్రెస్ తన హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును చేర్చింది. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ గారు దాన్ని రాజ్యాంగంలో పెట్టమని సవరణ తెచ్చారు. అంబేద్కర్ గారు ఒప్పుకోలేదు. దొంగలూ దోపిడీగాళ్ళూ కూడా ఇది మా హక్కంటే ఏం చేస్తాం? ఆయుధం పట్టడం అవసరమొస్తే పౌరుడి బాధ్యత అవుతుంది గానీ హక్కు కాదన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. 19వ అధికరణంలో ఉన్నది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

ఆ సంవత్సరం ఎలాంటిదో చూడండి. జనవరిలో గాంధీగారిని పిస్తోలుతో కాల్చారు. సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య. మాది నల్గొండ జిల్లా. రజాకార్లు ఊరి మీద పడితే వడిసెలలతో, కారంపొడితో, దొరికిన భర్మారు తుపాకులతో ఎదిరించారని మా తాత చెప్పేవాడు. వాళ్ళకు ఏ చట్టం హక్కిచ్చింది గనక? కామత్ గారి మాట తాతకు నచ్చేదేమో. నాకూ కొంత నచ్చింది, దాచను.

అయినా నా ఓటు అంబేద్కర్ గారికే. చట్టాన్ని రేపు మార్చుకోవచ్చు. రాజ్యాంగంలో హక్కుగా రాస్తే అంత తేలిక కాదు. ఇక్కడ 1791లో చేర్చిన ఒక్క వాక్యం మిలీషియా గురించా, మామూలు మనిషి గురించా అని తేల్చాల్సి వచ్చినప్పుడు, 2008లో సుప్రీంకోర్టు 5–4గా చీలి మనిషి వైపు మొగ్గింది.

2017లో కాన్సాస్‌లోని ఒలేతలో మన తెలుగు ఇంజినీరును బార్‌లో కాల్చి చంపిన వారం, బడి పార్కింగ్ లాట్‌లో తల్లిదండ్రులకు వేరే మాట లేదు. గ్యాస్ స్టేషన్ నడిపే మిత్రుడొకరు తుపాకి కొన్నారు. అర్ధరాత్రి కౌంటర్ వెనక నిలబడేది ఆయన, నేను కాదు. తప్పుపట్టను.

మేం మాత్రం కొనలేదు. పిల్లలు ఎవరింటికైనా ఆడుకోడానికి వెళ్తుంటే, మీ ఇంట్లో తుపాకి ఉందా, తాళం వేసే ఉంచుతారా అని మా ఆవిడ ముందే ఫోన్ చేసి అడుగుతుంది. మొదట్లో మహా మొహమాటపడేది. ఇప్పుడు కొందరు అడక్కముందే చెబుతున్నారు.