సినిమా హీరోను చూసి బండి కొంటారా?

2003లో కరిజ్మా బండి వచ్చినప్పుడు ప్రకటనలో హృతిక్ రోషన్ ఉన్నాడు. టీవీఎస్ విక్టర్‌కు సచిన్ టెండూల్కర్. అయినా మా పేరేసంద్ర హైవే పక్కన నిలబడి చూడండి, ఎక్కువ కనిపించేవి స్ప్లెండర్లూ, పాలక్యాన్లు కట్టిన ఎక్స్‌ఎల్‌లూనే.

మా అన్న ఒక సినిమా హీరో పోస్టర్ చూసి, అదే బండి కావాలని రెండు దినాలు అన్నం తినలేదు. నాయన తిట్టలేదు. "లీటరుకు ఎంత ఇస్తుంది? గడ్డిమోపు నిలుస్తుందా? చెడిపోతే ఇక్కడే బాగుచేస్తారా?" అని అడిగినాడు. షోరూములోనూ అవే అడిగినాడు. అంటే హీరో మాట అన్న దాకా వచ్చింది, దుడ్డు దాకా రాలేదు. కానీ షోరూముకు పోవాలన్న ఆశ పుట్టించింది ఆ పోస్టరే, అది ఒప్పుకోవాల. హీరోకు ఇచ్చే దుడ్డు కూడా బండి రేటులోనే ఉంటుందని అమ్మ అంటుంది.

పట్టుగూళ్లు అమ్మిన దుడ్డుతో ఎక్స్‌ఎల్ కొన్నారు. అన్న దాని ముందర ఆ హీరో బొమ్మ అతికించినాడు.