కింది గదికి బాత్‌రూమ్

మా ఇంటి బేస్‌మెంటులో బాత్‌రూమ్ కట్టించిన సంగతి తెలిసి చాలామంది ఫోన్లు చేసి అడుగుతున్నారు. విడివిడిగా చెప్పేకంటే ఇక్కడే రాసేస్తే నయమనిపించింది.

మాది బెంగళూరులో ఏటవాలు సైటు. రోడ్డు వైపునుంచి చూస్తే ఒక అంతస్తు, వెనకనుంచి చూస్తే రెండు. ఆ కింది గదిలోనే ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం. బడిలో కన్నడం, ఇంగ్లీషు. వీళ్లు ఇంట్లో మాట్లాడే భాషను రాసే చోటు ఇదొక్కటే. నేర్పేది మన పెద్దవాళ్లు. వాళ్లలో మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ, పాఠం ఉన్న రోజు పొద్దున్నుంచీ నీళ్లు ముట్టరని మా ఆవిడ చెప్పింది. పై బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే 18 మెట్లు, మోకాళ్లు సహకరించవు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి. ఇది తెలిశాక ఇంక వాయిదా వేయబుద్ధి కాలేదు.

బాత్‌రూమ్ అంటే అందరికీ టైల్సు, కమోడు గుర్తొస్తాయి. బేస్‌మెంటులో అవి చివరి సంగతి. మురుగు ఎటు పోతుందన్నది మొదటిది. పై అంతస్తులో 4 అంగుళాల పైపుకు అడుగుకు పావు అంగుళం వాలిస్తే దానంతటదే పోతుంది. మా కింది గది నేల, వీధి మ్యాన్‌హోల్ లైను కంటే దిగువన ఉంది. నీరు పల్లమెరుగు కదా, పైకెలా ఎక్కుతుంది?

మొదట వచ్చిన మేస్త్రి, కమోడు కింద మూడు మెట్ల ఎత్తు దిమ్మ కడితే లైను కలిసిపోతుందన్నాడు. ఖర్చు తక్కువే. కానీ మెట్లెక్కలేనివాళ్ల కోసం కట్టేదానికి మళ్లీ మెట్లా? పైగా మన ఊళ్లో వాననీళ్లనూ డ్రైనేజీలోకే వదిలే ఇళ్లు చాలా ఉన్నాయి. గట్టి వానకు లైను నిండి వెనక్కి తంతే, అన్నిటికంటే కింద ఉన్న కన్నంలోంచి పైకొస్తుంది. ఆ కన్నం మన కమోడే. 2022 సెప్టెంబరు వానల్లో బెళ్లందూరు వైపు బేస్‌మెంట్ల గతి చూశాం కదా.

అందుకని పంపు దారి పట్టాం. గాలి చొరని మూతతో నేలలో చిన్న తొట్టె, అందులో మలాన్ని ముక్కలు చేసే బ్లేడున్న పంపు. మట్టం పెరిగితే తేలే స్విచ్చు దాన్ని నడుపుతుంది. మురుగు రోడ్డు మట్టం కంటే పైదాకా ఎక్కి, దిగి, మ్యాన్‌హోల్‌లో కలుస్తుంది. వెనక్కి రాకుండా ఎన్‌ఆర్‌వీ వాల్వు. తొట్టెలోని గాలికి మేడపైదాకా వేరే గొట్టం. అది దండగ అనేవాళ్లుంటారు, వినకండి.

నేను పట్టుబట్టింది ఒకచోటే. మన ఇళ్లలో కావేరి నీళ్ల సంపు ఇంటి ముందు భూమిలోనే ఉంటుంది. ప్లంబరు దగ్గరి దారని మురుగు పైపును సంపు గోడ పక్కగా గీశాడు. కుదరదన్నాను. అవతలి వైపునుంచి తిప్పితే పైపు పెరిగింది, ఒకరోజు కూలీ పెరిగింది. పోనీ. పిల్లలు తాగేది ఆ సంపు నీళ్లే.

వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నిలిపి చూశాకే టైల్సు వేయనిచ్చాం. లోపల ఎవరైనా పడితే అడ్డం రాకుండా తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాం. పట్టుకోను గోడకు కడ్డీలు.

ఖర్చు మాటకొస్తే టైల్సు, కమోడు, కుళాయిలు అన్నిటికంటే తొట్టె, పంపు, పైపులకే ఎక్కువైంది. బేరమాడితే టైల్సు దగ్గర ఆడండి. కరెంటు పోతే పంపు ఆగుతుంది గనక ఆ బరువు మోసే ఇన్వర్టరు కావాలి. ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించుకోండి. మీ ప్లానులో బేస్‌మెంటు దేనికని రాసుందో కూడా ముందే ఇంజనీరును అడగండి.

పెద్దమ్మ ఇప్పుడు పాఠం మధ్యలో మజ్జిగ అడుగుతున్నారు. గుడ్డపీలికలు, ప్యాడ్లు పడితే పంపు బిగుసుకుపోతుందని తలుపుకు కన్నడంలో, తెలుగులో బోర్డు పెట్టాం. తెలుగుది తరగతి పిల్లలే రాశారు. ‘వేయరాదు’లో దీర్ఘం ఎక్కడన్న దానిమీద రెండు ఆదివారాలు వాదన నడిచింది.

చూడాలనుకునేవాళ్లు తరగతి మొదలవక ముందే రండి. పాఠం మధ్యలో తొట్టె మూత తెరిస్తే పెద్దమ్మ ఊరుకోరు.