అవ్వ వోటు

షోలాపూర్ తూర్పు భాగంలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాణ్ణి నేను. మా తాత నేత పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చాడు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. ఇదీ మా బతుకు.

మా అమ్మాయి పై చదువుకు అమెరికా బయలుదేరింది. ముంబై రైలు ఎక్కించేటప్పుడు నేను చెప్పిన ఆఖరి మాట ఇది: "నల్లవాళ్ళతో జాగ్రత్త బిడ్డా!" నిజానికి నేను సినిమాల్లో తప్ప నల్లవాళ్ళను చూసి ఎరగను. అయినా ఆ మాట నోట్లోంచి అలవోకగా వచ్చేసింది.

ఫిబ్రవరిలో ఫోను చేసి, "నాయినా, మన అవ్వ మొదటిసారి వోటు ఎప్పుడేసింది?" అని అడిగింది. వాళ్ళ యూనివర్సిటీలో ఆ నెలంతా నల్లజాతి చరిత్రోత్సవమట. ఆ ఉత్సవం ఎలా పుట్టిందో కూడా తనే చెప్పింది. బానిసలుగా పుట్టిన తల్లిదండ్రుల బిడ్డ కార్టర్ వుడ్సన్. చరిత్రకారుడైన ఆయన 1926లో దాన్ని ఒక వారం పండుగగా మొదలుపెట్టాడు. 1970లో ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో అది నెల రోజుల పండుగయింది. ఈసారి అమ్మాయి వాళ్ళ సభకు విషయం పౌరసత్వం. ఎవరింటి తొలి వోటు కథ వాళ్ళు చెప్పాలట.

నేను మా అమ్మ కథ చెప్పాను. 1951-52 ఎన్నికల్లో అమ్మ ఆ ఒక్క పూట బీడీలు చుట్టడం మాని వెళ్ళింది. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు ఉండేవి. అక్షరం రాని అమ్మ గుర్తు చూసి కాగితం వేసి వచ్చింది. "సేటు కాగితం, నా కాగితం ఒక్కటే తూకం" అని పోయేదాకా చెప్పుకునేది.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన గదిలో ఉండే నేస్తం కథ చెప్పింది. ఆ పిల్ల నల్లజాతి పిల్ల. ఆమె ముత్తవ్వ అలబామాలో బడిపంతులమ్మ. నల్లవాళ్ళకు 1868లో పౌరసత్వాన్ని, 1870లో వోటు హక్కును అక్కడి రాజ్యాంగంలో రాశారు. కానీ అలబామా వంటి దక్షిణాది రాష్ట్రాల్లో చదువు పరీక్షలు పెట్టి వాళ్ళను వోటర్ల జాబితాకెక్కనిచ్చేవారు కాదు. పిల్లలకు చదువు చెప్పే ఆవిడకే చదువు రాదన్నారు. 1965లో వోటు హక్కుల చట్టం వచ్చాకే ఆవిడ వోటు వేయగలిగింది. చదువు లేని మా అమ్మకు దక్కింది, చదువు చెప్పే ఆ తల్లికి దక్కలేదు! పిల్లలిద్దరూ పక్కపక్కన నిలబడి ఈ రెండు కథలూ సభలో చెబుతారట.

గదిలో నేస్తం ఎవరో మా అమ్మాయి అన్నాళ్ళూ నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బడిలో చదువుకున్న మహాత్మా ఫూలే గుర్తొచ్చాడు. పుణెలో ఉండి 1873లో 'గులామ్‌గిరీ' రాసి, నల్లవాళ్ళ బానిసత్వం పోగొట్టిన అమెరికా ప్రజలకు ఆయన అంకితమిచ్చాడు. సముద్రం దాటకుండానే ఆయనకు వాళ్ళ బాధ, మన బాధ ఒకటేనని తెలిసింది. ఊరుగాని ఊళ్ళో మూడు తరాలుగా బతుకుతూ, "మీరు బయటివాళ్ళు" అన్న మాట విని నొచ్చుకున్న నాకు ఎందుకు తెలియలేదు?

మర్నాడు నేనే ఫోను చేశాను. "ఆ రోజు స్టేషన్లో నేనన్నది తప్పు బిడ్డా" అన్నాను. కన్నబిడ్డ ముందు ఆ మాట అనడానికి చాలా సేపే పట్టింది. "సెలవులకు నీ నేస్తాన్ని వెంటబెట్టుకు రా. మన మగ్గం మీద నేసిన చాదర్ ఇద్దామ"న్నాను.

మన పిల్లలు దూర దేశాలకు పోతున్నారు. పచ్చళ్ళు, పొడులతో పాటు మన భయాలను కూడా మూట కట్టి ఇస్తున్నామేమో, ఒక్కసారి చూసుకుందాం.