వంటింటి గట్టు

భవిష్యనిధి సొమ్ముతో పుదుచ్చేరి పిళ్ళైచావడిలో, సముద్రానికి చేరువగా ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాము. వంటింటి గట్టుకు మన ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాతినే కోరి తెప్పించుకున్నాము. 20 మిల్లీమీటర్ల మందం గల పలక చదరపు మీటరుకు 50 కిలోలకు పైగా తూగుతుంది. పైమెరుపు చూసి మురిసిపోయామే గాని, కింద మోసేదేమిటో విచారించలేదు.

రెండు చివరలా బిగించిన ఇనుప యాంగిళ్ళు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఒకవైపు కుంగినవి. సింకు కోసం కోసినచోట, సన్నగా మిగిలిన అంచున రాయి పగిలినది. పలక ఊడిపడక ముందే మా శ్రీమతి ఆ చీలికను గుర్తించడం మా అదృష్టం. గ్రానైటు ఎంత బరువునైనా ఓర్చుకుంటుంది గాని, వంపును సహించదు.

ఈసారి సింకుకు ఇరువైపులా కడప పలకలు నిలబెట్టించి, మట్టం సరిచూసి, అడుగున ఖాళీ లేకుండా సిమెంటు పరిపించి రాతిని ఆనించాము. ఇల్లు కట్టుకొనే సోదర ఉద్యోగులు రాతి రంగుకన్న ముందు దాని ఆధారాన్ని ఎంచుకొందురు గాక!